కిటికీలోంచి అందించిన పిల్ల

మే నెల మొదటి శనివారం తెమూలెన్ మా తలుపు తట్టాడు. నేను నేల అంతస్తులో ఉంటాను. అతని కుటుంబం సరిగ్గా నా తలమీది ఇంట్లో ఉంటుంది. అతను విద్యుత్ కేంద్రంలో వెల్డరు; ఇనుప ముక్కు బూట్లు వేసుకొని మెట్లు దిగితే నా అలమరలో గిన్నెలు కదులుతాయి. ఆ రోజు గిన్నెలు కదలలేదు. అంటే బూట్లు చేతిలో పట్టుకొని దిగాడన్నమాట. పైన ఉన్నవాళ్ళకు తెలియకూడని పని మీద వచ్చాడని తలుపు తీయకముందే అనుకొన్నాను.

"పెద్దమ్మా, మీకు ఇంగ్లీషు చదవడం వచ్చుగా. ఇందులో ఏముందో చూడండి. పైకి మాత్రం చదవకండి," అని చొక్కా లోపలినుంచి మడత పెట్టిన కాగితాలు తీశాడు.

బల్ల దగ్గర కూర్చొని మనసులోనే చదివాను. అమెరికా ఏటా తీసే గ్రీన్ కార్డ్ లాటరీలో అతని పేరు తగిలింది. అది వీసా కాదు. వీసా అడగడానికి వరుసలో దొరికిన చోటు. వరుసలో అతని సంఖ్య చిన్నది కనుక అక్టోబరులోనే పిలుపు రావచ్చు. ఈ మాట చెప్పాను. అతను సంతోషించడానికి బదులు కిటికీ వైపు చూసి, "ఆ రెక్క వేసే ఉందా?" అని అడిగాడు.

వాళ్ళు ఈ ఊరు వదలాలని ఎందుకు అనుకొన్నారో మా మెట్ల మీద అందరికీ తెలుసు. తెమూలెన్, సారుల్ దంపతుల మొదటి బిడ్డ నలభై రోజులకు పోయాడు. రెండో బిడ్డ అయిదు నెలలకు పోయాడు. ఇద్దరూ జనవరిలోనే, ఇద్దరూ ఊపిరితిత్తులకు నెమ్ము చేసే పోయారు. జనవరిలో ఉలాన్‌బాతర్ కొండల మధ్య బొగ్గుపొగ ఎలా కూర్చుంటుందో చూసినవాళ్ళకు వేరే కారణం వెతకవలసిన పని లేదు. "గాలి మార్చండి," అన్నాడు డాక్టరు, ఏదో మాత్ర మార్చమన్నంత తేలికగా. ఇప్పుడు మూడో బిడ్డ ఉంది. ఇరవై రెండు నెలల ఆడపిల్ల. ఇప్పటికి ఒక జనవరి ఆసుపత్రిలో, ఒక జనవరి కిటికీలకు తడిగుడ్డలు కట్టిన గదిలో గడిపింది. లాటరీ ఆ పిల్ల ఊపిరి కోసం.

రెండో కాగితం చదువుతుండగా నా వేలు ఒక వాక్యం దగ్గర ఆగింది. మొదటి దరఖాస్తు నాడే పిల్లలందరినీ చూపి ఉండాలి. ఒక్క బిడ్డను వదిలినా కుటుంబం మొత్తానికి వీసా నిరాకరిస్తారు.

"తెమూలెన్, దరఖాస్తులో పాప పేరు రాశారా?"

"రాసే ఉంటారు."

"ఎవరు?"

"రాసేవాళ్ళు."

"నువ్వు చూశావా?"

అతను నా బల్ల మీది పెన్సిలును తిప్పి తిప్పి పెట్టాడు. "చూడలేదు," అన్నాడు చివరికి.

ఆ క్షణంలో నాకు కలిగిన అనుమానానికి మూలం రెండేళ్ళ కిందట నా కిటికీ దగ్గరే ఉంది. ఆ సంగతి ముందు చెప్పాలి.

మూడో బిడ్డ పుట్టి ఆసుపత్రినుంచి వచ్చిన రోజు, తెమూలెన్ తల్లి దోల్గోర్ ఆ పసిగుడ్డును ఇంట్లోకి తీసుకుపోలేదు. భవనం చుట్టూ తిరిగి నా కిటికీ కిందికి వచ్చి, గొర్రెతోలులో చుట్టిన మూటను పైకెత్తింది. ఏం అడగాలో నాకు ముందే నేర్పింది.

"ఎవరి బిడ్డ?" అన్నాను.

"తెలీదు. దారిలో దొరికింది. పనికిరాని పిల్ల. ముక్కు చూడు, ఎలా చప్పిడిగా ఉందో. నీకు కావాలా?"

"ఇలా ఇవ్వు," అని కిటికీలోంచి అందుకొన్నాను. పావుగంట నా మంచం మీద పడుకోబెట్టుకొన్నాను. తరువాత సారుల్ తలుపు దగ్గరికి వచ్చి, ఎర్రదారం ఎక్కించిన సూది ఒకటి నా చేతిలో పెట్టి, "మీ పిల్లను నాకు అమ్ముతారా?" అని అడిగింది. అమ్మాను. ఇద్దరు బిడ్డలను తీసుకుపోయినదేదో ఆ ఇంటి మీద కన్ను వేసి ఉంది కదా. మూడో బిడ్డ ఆ ఇంటిది కాదని దానికి నమ్మకం కుదరాలి. అందుకే ఎనెబిష్ అని పేరు పెట్టారు. 'ఇది కాదు' అని దాని అర్థం. నాలుగో ఏట పుట్టువెంట్రుకలు తీసేదాకా ఆ పిల్లను ఎవరూ తమది అనకూడదు, అందంగా ఉందనకూడదు, నుదుట మసిచుక్క లేకుండా గడప దాటించకూడదు. మా భవనంలో పొయ్యిలు లేవు. దోల్గోర్ ఊరి అంచున గెర్ గుడారంలో ఉండే చెల్లెలి ఇంటినుంచి దగ్గుబిళ్ళల డబ్బాలో మసి తెచ్చుకొని దాచుకొనేది.

నేను ముప్ఫై నాలుగేళ్ళు తూల్ నది నీటిమట్టం కొలిచి రాసే ఉద్యోగం చేశాను. ఇటువంటివాటి మీద నాకు నమ్మకం లేదు. ఇద్దరు బిడ్డలను పోగొట్టుకొన్న ఇంటికి నా నమ్మకంతో పని లేదని కూడా తెలుసు కనుక కిటికీ తీశాను. తరువాత రెండేళ్ళు ఆ ఇంట్లో ఆ అబద్ధం ఊపిరి తీసినంత సహజంగా సాగింది. బస్సులో ఎవరైనా అడిగితే సారుల్, "నాది కాదండీ, కింది ఇంటి పెద్దమ్మది," అనేది. పాలు అమ్మే మనిషికి తెమూలెన్ చెప్పేదీ అదే. టీకాలు వేసే నర్సుకు మాత్రం సారుల్ నిజం చెప్పేది, అది కూడా చెవిలో.

సోమవారం నేనూ తెమూలెన్ సారుల్ ముగ్గురం కలిసి, దరఖాస్తులు నింపిన దుకాణానికి వెళ్ళాం. సారుల్‌కు ఆదివారం చెప్పక తప్పలేదు. చెప్పడానికి ఒక పూట ఆలస్యం ఎందుకయిందని ఆమె అడిగింది. దుకాణం పేరుకు ఫోటో కాపీలది. అక్టోబరులో నెలరోజులు మాత్రం అక్కడ లాటరీ దరఖాస్తులు తప్ప వేరే పని జరగదు. యజమాని ఖులన్‌కు ముప్ఫై దాటి ఉండవు. గోళ్ళకు రంగు, మెడలో రెండు ఫోన్లు.

"అమ్మమ్మా, ఆ నెలలో నా దగ్గరికి ఎంతమంది వచ్చారో తెలుసా? అందరి పిల్లల్నీ నేనే కన్నట్టు గుర్తుపెట్టుకోవాలా?" అంది.

"గుర్తు పెట్టుకోనక్కరలేదు. కాగితం చూపిస్తే చాలు," అన్నాను.

మంచి అలవాటే, ప్రతి దరఖాస్తుకూ ఒక నకలు తీసి అట్టపెట్టెలో దాచింది. భార్యాభర్తలు ఎవరికి వారు వేరుగా దరఖాస్తు పెట్టవచ్చు. వీళ్ళు రెండు పెట్టారు. సారుల్ కాగితంలో 'పిల్లలు: 1' అని ఉంది. పక్కనే ఎనెబిష్ ఫోటో. నుదుటి మీద మసి తుడిచిన జాడ లీలగా తెలుస్తోంది. తెమూలెన్ కాగితంలో 'పిల్లలు: 0' అని ఉంది. తగిలింది రెండోది. అడుగున సమయం అచ్చయి ఉంటుంది కనుక చూశాను. సారుల్‌ది పదకొండు నలభైకి, తెమూలెన్‌ది పదకొండు యాభై రెండుకు వెళ్ళాయి. పన్నెండు నిమిషాల్లో ఒక బిడ్డ మాయమయింది.

"అడిగాను. లేరన్నాడు," అంది ఖులన్.

"నన్నెవరూ అడగలేదు," అన్నాడు తెమూలెన్.

"భార్య కాగితంలో ఉన్న పిల్ల మొగుడి కాగితంలో లేకపోతే నీకు అనుమానం రాలేదా?" అని నేను ఖులన్‌ను అడిగాను.

"వస్తే? 'ఏమయ్యా, ఈ పిల్ల నీది కాదా' అని పెళ్ళాం ముందే అడగమంటారా? ఒకసారి వేరే ఆయన్ని అడిగాను. ఆ రోజు నా కుర్చీ విరిగింది."

సారుల్ నవ్వలేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, తను పనిచేసే మిల్లులో ఉన్ని నాణ్యం చూసే చూపుతో చాలాసేపు చూసింది. తరువాత అదే చూపు భర్త మీదికి తిప్పింది.

ఖులన్ గొంతు తగ్గించింది. "దీనికి దారి ఉంది. పిల్ల పుట్టగానే ఎవరికో దత్తత ఇచ్చేశారని ఒక కాగితం. తేదీ దరఖాస్తు కంటే ముందుది ఉండాలి. రాసిపెట్టే మనిషి నాకు తెలుసు. మీరిద్దరూ వెళ్ళి స్థిరపడి, రెండు మూడేళ్ళకి పిల్లని రప్పించుకుంటారు. దత్తత తీసుకున్నది మాత్రం నమ్మకంగా కనపడే మనిషయ్యుండాలి. పెద్దావిడ, ఒంటరిది, పెన్షనున్నది." అలా అంటూ నా వైపు చూసింది.

రోగం ఇంకా పూర్తిగా చెప్పకముందే మందు పొట్లం చేతిలో పెట్టే వైద్యుణ్ణి నేను నమ్మను. ఆ అట్టపెట్టెలో ఇటువంటి సున్నాలు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్ని కావాలని పెట్టినవో అని ఆలోచించాను. అదే మాట అడిగాను కూడా. ఖులన్ పెట్టె మూసింది. "అమ్మమ్మా, ఎవరికి తగులుతుందో నాకు ముందే తెలిస్తే ఈ ఫోటో కాపీల దగ్గర కూర్చుంటానా?" అంది. ఆ వాదనలో తప్పు కనబడలేదు. వందల్లో ఒకరికి తగిలే లాటరీ కోసం ముందుగా వల వేసి కూర్చోవడం గిట్టుబాటు కాని పని. నా అనుమానం ఖులన్‌ను పూర్తిగా వదలలేదు గాని, అక్కడే నిలవనూ లేదు.

తరువాత అది దోల్గోర్ మీదికి వెళ్ళింది. ఆ రోజు దుకాణంలో పిల్లను ఎత్తుకొన్నది ఆమె. కొడుకూ కోడలూ వెళ్ళిపోతే పిల్ల మిగిలేది ఆమె దగ్గరే. ఆమె రొట్టెల కర్మాగారంలో ముప్ఫై ఏళ్ళు పిండి పిసికిన మనిషి. చేతులూ నోరూ రెండూ గట్టివి. పాలు పోసిన ఉప్పు టీ పెట్టి పిలిచాను. వచ్చింది.

"ఆ రోజు ఏం జరిగింది, దోల్గోర్?"

"ఏం జరుగుతుందక్కా? ఫోటోకి పనికిరాదని ఆ ఖులన్ పిల్ల నుదుటి మసి తుడిచేసింది. డబ్బా నా సంచీలో ఉంది, సంచీ కోడలి దగ్గరుంది. ఈలోపల వరసలో ఎవతో నిలబడి, 'అబ్బ, ఎంత ముద్దుగా ఉంది, ఎవరి పాప?' అంది. నా గుండె ఆగింది. మసి లేదు, మొహం పాలమీగడలా ఉంది, దాని కళ్ళేమో ఇంతింత."

"నువ్వేమన్నావు?"

"నాకు నోరు పెగల్లేదు. వాడే అన్నాడు, 'మాది కాదు, మాకు పిల్లలు లేరు' అని. గట్టిగా, గోడలకి వినపడేట్టు. నా పెంపకం మరి."

"అప్పుడు ఖులన్ ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది, ఆ కంప్యూటర్ ముందు. వాడి కాగితమే కొడుతోంది."

టీ గిన్నె కింద పెట్టాను. ఖులన్ అడిగానంది, తెమూలెన్ అడగలేదన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. ఆమె ప్రశ్న పలికిందో, పలకబోయే లోపలే జవాబు చెవిన పడిందో ఇప్పుడు తేల్చడానికి వీలు లేదు. ఏడాదికి పైగా కంటికి కనబడని దేనికో చెబుతూ వచ్చిన అబద్ధం ఆ పూట ఒక ప్రభుత్వానికి చేరింది. దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. 'ఇలా ఇవ్వు' అన్నది నేనే కదా.

అయినా దోల్గోర్ ముఖంలో తృప్తి కనబడింది. దాన్ని చూసి చూడనట్టు వదలలేకపోయాను. "పిల్ల ఇక్కడే ఉండిపోతే నీకు బాధ లేదన్నమాట," అన్నాను.

ఆమె నా వైపు తిన్నగా చూసింది. "నన్నా అనుమానిస్తున్నావు? అక్కా, చేతికొచ్చిన సూదిని ఎవరైనా బట్టలు కుట్టుకోడానికి వాడతారు. నువ్వు ఆ సూది పెన్సిళ్ళ డబ్బాలో, దూది మీద పెట్టి ఎందుకు దాచావు? దారం కూడా ఇంకా తియ్యలేదు. నేను చూళ్ళేదనుకున్నావా?"

ఆమె టీ పూర్తిగా తాగి లేచి వెళ్ళింది.

జూన్‌లో సారుల్ ఒంటరిగా వచ్చింది. చేతిలో ఖులన్ ఇచ్చిన దత్తత పత్రం. నిరుటి సెప్టెంబరు తేదీ వేసి ఉంది. నా పేరు, నా తండ్రి పేరు అప్పటికే అచ్చయి ఉన్నాయి.

"పెద్దమ్మా, ఒకసారి మీదని అన్నారు. ఇంకొక్కసారి అనండి," అంది.

"పిల్లను వదిలి వెళ్ళడం నీకు ఇష్టమేనా?"

"నా ఇష్టం ఎవరడిగారు? ఆయన లెక్క ఆయనకుంది. ముందు మనం వెళ్దాం, రెండేళ్ళలో తెచ్చుకుందాం అంటాడు. రెండేళ్ళంటే రెండు జనవరులు." "ఆ రోజు ఆయన కావాలనే లేరన్నాడని నాకు అనిపిస్తోంది. పిల్ల లేకపోతే టికెట్ తేలిక, పని తేలిక. మగవాళ్ళు అలా ఆలోచిస్తారు. మీరు చెప్పండి, నాకు పిచ్చా?"

"పిచ్చి కాదు. కాని రుజువు లేదు."

"రుజువు మీ నదికి కావాలి. నాకు రోజూ పక్కన పడుకునే మనిషి."

రేపు రమ్మని పంపించాను. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, మంచు విరిగి కొలబద్ద కొట్టుకుపోయిన రోజున కూడా నేను అంకె ఊహించి రాయలేదు. ఆ గడి ఖాళీగా వదిలాను. కనుక ఈ పత్రం మీద సంతకం పెట్టకపోవడానికి నా దగ్గర గౌరవమైన కారణం సిద్ధంగా ఉంది. సిద్ధంగా ఉండడమే నాకు నచ్చలేదు. పెన్సిళ్ళ డబ్బా తీసి సూదిని చూశాను. పిల్ల పైన పరుగెత్తితే నా పైకప్పు మీద ఏ మూలనుంచి ఏ మూలకు వెళుతుందో నాకు తెలుసు. మధ్యాహ్నం ఎంతసేపు నిద్రపోతుందో తెలుసు. సంతకం పెడితే ఆ పరుగు నా ఇంట్లోకే వస్తుంది. దోల్గోర్ నన్ను నాకంటే ముందే చదివింది.

మరునాడు నేనే పైకి వెళ్ళి పత్రం తిరిగి ఇచ్చాను. "నేను పెట్టను, సారుల్. అబద్ధమని మాత్రమే కాదు. పెడితే అది నిజమయితే బాగుండునని రోజూ కోరుకొంటాను. అటువంటి మనిషి చేతిలో బిడ్డను పెట్టి సముద్రం దాటకు."

ఆమె పత్రాన్ని నాలుగుగా చింపి టీ పొడి డబ్బా కింద పెట్టింది. తెమూలెన్ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం ఎందుకో మాకెవరికీ నచ్చలేదు.

వీసా అడిగేవాళ్ళు రెండో దరఖాస్తు ఒకటి నింపాలి, మొదటిదానికంటే చాలా పొడుగయినది. జూలైలో తెమూలెన్ సెలవు పెట్టి ఒక్కడే ఖులన్ దుకాణానికి వెళ్ళి అది నింపి వచ్చాడు. నకలు అడిగితే యంత్రంలో సిరా అయిపోయిందన్నాడు. పిల్ల సంగతి ఏం రాశావని సారుల్ అడిగింది. "రాయాల్సింది రాశాను," అన్నాడు.

"అంటే?"

"నోటితో చెప్పించకు."

ఆ మాటతో ఆమెకు నిద్ర కరువయింది. మూడు నెలలు ఒకే ఇంట్లో, ఒకే పళ్ళెంలో తింటూ, ఇద్దరూ ఒకరి జవాబును ఒకరు కాపలా కాశారు. ఖులన్‌ను అడిగితే, "ఆయన నన్ను లేపి తనే కూర్చుని కొట్టుకున్నాడు. తెరకి అడ్డంగా టోపీ కూడా పెట్టాడు," అంది. టోపీ సంగతి విన్నాక నేను కూడా సారుల్ పక్షానికి మొగ్గాను. దాచవలసింది లేనివాడు టోపీ అడ్డం పెట్టడు కదా.

అక్టోబరు పద్ధెనిమిదిన అమెరికా రాయబార కార్యాలయానికి రమ్మని పిలుపు వచ్చింది. ఆ రోజు పొద్దున్నే దోల్గోర్ మెట్ల దగ్గర నిలబడి, దారి మంచిది కావాలని వెళుతున్నవాళ్ళ వెనక గరిటెతో పాలు చల్లింది. ప్రయాణానికి చల్లినట్టు నిండుగా చల్లలేదు, నేను గమనించాను. పిల్ల నా దగ్గర ఉంది. అప్పటికే బొగ్గు వాసన మొదలయింది. పిల్ల ఆ పూట ఆరుసార్లు దగ్గింది.

మధ్యాహ్నానికి తిరిగి వచ్చారు. అక్కడ జరిగినది ఇద్దరినీ వేరువేరుగా అడిగాను. రెండు కథనాలూ ఒకచోట తప్ప అంతటా కలిశాయి.

అద్దం వెనక అధికారి, పక్కన మన భాష చెప్పే అమ్మాయి ఉన్నారు. పేర్లు, పెళ్ళి, పని అన్నీ అడిగారు. చెప్పిన ప్రతి జవాబునూ అధికారి కాగితాలతో పోల్చి చూశాడు. సారుల్ తన మనసులో ఒక్క మాట సిద్ధం చేసుకొని వచ్చింది. భర్త 'పిల్లలు లేరు' అంటే అడ్డుపడి, ఉందని చెప్పాలని. అప్పుడు అధికారి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, ఆ అమ్మాయి చేత అడిగించాడు. "నిరుటి దరఖాస్తులో పిల్లలు లేరని ఉంది. జూలైలో మీరు నింపినదాంట్లో ఒక కూతురు ఉంది. పేరు, పుట్టిన తేదీ, పుట్టిన గంట కూడా రాశారు. మేము గంట అడగలేదు. ఏది నిజం?"

సారుల్ భర్త వైపు తిరిగింది. అతను అద్దం అంచు పట్టుకొని నిలబడ్డాడు. నోరు తెరిచాడు, మాట రాలేదు. రెండేళ్ళు అలవాటు పడిన నోరు అది. టోపీ అడ్డం పెట్టుకొని రాయగలిగినదాన్ని పలకలేకపోయాడు.

"మాదే," అంది సారుల్. "ఎనెబిష్. నేనే కన్నాను. దానికి ముందు ఇద్దర్ని కన్నాను, వాళ్ళు లేరు. ఇది ఉంది."

ఇంతవరకూ ఇద్దరూ ఒకేలా చెప్పారు. తేడా తరువాత వచ్చింది. తెమూలెన్ తను కూడా 'మాదే' అన్నానంటాడు. అనలేదు, తల ఊపాడంతే అంటుంది సారుల్. ఆ అమ్మాయి ఆచారం సంగతి అధికారికి వివరించింది. అతను మర్యాదగానే విన్నాడు. తరువాత ఒక కాగితం మీద ఒక గడిలో గుర్తు పెట్టి, అద్దం కింది సందులోంచి బయటికి తోశాడు. వీసా లేదు. మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవడానికి అడ్డు లేదన్నాడు.

"రాశావని నాకెందుకు చెప్పలేదు?" అని సారుల్ నా ఎదుటే భర్తను అడిగింది.

"చెబితే అన్నట్టవుతుంది కదా. రాస్తే అది చదవలేదనుకున్నా." 'అది' అంటే ఏదో మేమెవరం అడగలేదు. "టోపీ కూడా అందుకే పెట్టా," అన్నాడు.

సారుల్ అతని మోచేతిని గట్టిగా గిల్లింది. అయిదు నెలల్లో ఆమె అతన్ని తాకడం నేను చూసింది అదే మొదటిసారి.

దోల్గోర్ ఈ సంభాషణ అంతా తలుపు దగ్గర నిలబడి విన్నది. వీసా పోయిందన్న మాట ఆమెకు ఎక్కినట్టు లేదు. ఆమె అడిగింది ఒక్కటే. "పైకి అన్నావా? ఎంతమంది విన్నారు?"

"అద్దం వెనక ఇద్దరు. తలుపు దగ్గర కాపలా అతను ఒకడు."

"మన భాష వచ్చినవాళ్ళు?"

"ఇద్దరు, అత్తయ్యా."

ఆమె దగ్గుబిళ్ళల డబ్బా తీసి, నా ఒడిలో ఉన్న పిల్ల నుదుట ఒకటికి రెండు మసిచుక్కలు పెట్టింది. "చీమిడిముక్కుది, ఎవరికి కావాలి నువ్వు?" అంది. పిల్ల దగ్గింది. ఏడో దగ్గు. నేను లెక్క పెడుతున్నానని దోల్గోర్ పసిగట్టింది; డబ్బా మూత బిగించింది.

ఆ ఏటి లాటరీ దరఖాస్తుల గడువు ఇంకా పదిహేను రోజులుంది. శనివారం అందరం కలిసి ఖులన్ దుకాణానికి వెళ్ళాం. వేరే చోటికి వెళదామని సారుల్ అంది; తప్పు ఎలా జరుగుతుందో తెలిసిన చోటే మేలని నేను ఒప్పించాను. ఫోటో కోసం మసి తుడిచిన మరుక్షణం దోల్గోర్ మళ్ళీ పెట్టింది. డబ్బా ఈసారి ఆమె చేతిలోనే ఉంది. వరుస తలుపు దాటి వీధిలోకి సాగింది. నా వెనక నిలబడిన ఒకావిడ వంగి చూసి, "ఎవరి పాపండీ?" అని అడిగింది.

"నాది," అన్నాను. ఏ కొలబద్దా చూసుకోకుండా, అడిగీ అడగకముందే అన్నాను.

ఖులన్ కుర్చీ ముందుకు జరుపుకొంది. "పిల్లలు?" అంది పైకి.

తెమూలెన్ ఎడమ చేయి అడ్డం పెట్టి, నేనిచ్చిన పెన్సిలుతో ఒక చీటీ మీద '1' అని రాశాడు. దాన్ని ఆమె ముందుకు తోస్తూ, గోడలకు వినబడేటట్టు, "లేరు," అన్నాడు.

ఖులన్ చీటీ చూసింది. అతన్ని చూసింది. పిల్ల నుదుటి మీది రెండు చుక్కలనూ చూసింది. "ఏది కొట్టమంటారు?" అని గొంతు తగ్గించి అడిగింది.

"రాసింది," అంది సారుల్, అంతకంటే తగ్గించి.

యంత్రంలో ఈసారి సిరా ఉంది. రెండు కాగితాల నకళ్ళూ నేనే తీసుకొని, వెలుతురు బాగా ఉన్న చోటికి వెళ్ళి, కళ్ళజోడు మార్చుకొని చదివాను. రెండింటిలోనూ ఒకటే అంకె ఉంది. అది చూశాక కూడా మరొకసారి మొదటినుంచి చదివాను.